గొంతులో అడ్డుపడితే పిల్లల అరుపు వినపడదు: దస్తర్‌ఖాన్ దగ్గరే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

అన్నం తింటుంటే పిల్లలకు పొలమారడం మామూలే. అమ్మమ్మో, దాదీయో నెత్తిమీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అని నవ్వి నీళ్ళు తాగిస్తారు. నాలుగు దగ్గులు దగ్గి పిల్లవాడు మళ్ళీ తినడం మొదలుపెడతాడు. నిజానికి వాణ్ణి కాపాడింది నెత్తిమీద తట్టిన చెయ్యి కాదు, వాడి దగ్గు. శ్వాసనాళం వైపు పోబోయిన మెతుకును ఆ దగ్గే బయటకు నెట్టేసింది.

కానీ ఒక్కోసారి దగ్గు రాదు. ఒక ద్రాక్షపండో, వేరుశనగ గింజో, బెలూన్ ముక్కో శ్వాసనాళానికి బిరడాలా పడిపోతుంది. గాలి ఆడనప్పుడు దగ్గడమే కాదు, ఏడవడం కూడా కుదరదు. పిల్లవాడు నోరు తెరుస్తాడు, కళ్ళు పెద్దవి చేస్తాడు, చేతులు కొట్టుకుంటాడు, అంతే. పక్క గదిలో ఉన్నవాళ్ళకు ఏమీ వినపడదు. మెదడుకు ఆక్సిజన్ అందకపోతే కొద్ది నిమిషాల్లోనే నష్టం మొదలవుతుంది. 108 అంబులెన్స్ ఎంత తొందరగా బయలుదేరినా ఆ కొద్ది నిమిషాల్లో మన గుమ్మం ముందుకు రావడం కష్టం.

అంటే ఆ సమయంలో బిడ్డ దగ్గర ఉండేది డాక్టర్ కాదు, మనమే. అడ్డుపడకుండా చూసుకోవడం, పడితే వెంటనే తీయగలగడం రెండూ ఇంట్లోవాళ్ళు నేర్చుకోవాల్సిన పనులే. ఇవేమీ కష్టమైనవి కావు.

ఐదేళ్ళలోపు పిల్లలకే ఎందుకు ఎక్కువ?

పసిబిడ్డ శ్వాసనాళం దాదాపు వాళ్ళ చిటికెన వేలంత సన్నగా ఉంటుంది. పెద్దవాళ్ళకు దగ్గుతో పోయే గింజ వాళ్ళకు దారి మొత్తం మూసేస్తుంది.

రెండో కారణం పళ్ళు. ముందు పళ్ళు ఆరో నెల తర్వాత మొదలవుతాయి. నమిలే దవడ పళ్ళు మాత్రం ఏడాది దాటాక వస్తాయి, అవన్నీ రావడానికి రెండున్నరేళ్ళు పడుతుంది. అంటే ఏడాది పిల్లవాడు ఆపిల్ ముక్కను కొరకగలడు కానీ నమలలేడు. కొరికిన ముక్క కొరికినట్టే గొంతులోకి జారుతుంది.

మూడోది వాళ్ళ స్వభావం. పాకే వయసు పిల్లలకు కనిపించిన ప్రతి వస్తువూ నోట్లో పెట్టుకోవాలనిపిస్తుంది. తింటూ పరిగెత్తుతారు, నవ్వుతారు, ఏడుస్తారు. నవ్వినా ఏడ్చినా గాలి గట్టిగా లోపలికి పీలుస్తారు. దాంతోపాటే నోట్లో ఉన్న ముక్క కూడా లోపలికి పోతుంది.

ఏది ఎలా పెట్టాలి?

గుండ్రంగా, గట్టిగా, జారుడుగా, జిగురుగా ఉండే తిండి ఎక్కువ ప్రమాదం. మన ఇళ్ళలో రోజూ కనిపించేవి ఇవి:

- వేరుశనగలు, జీడిపప్పు, బాదం, పిస్తా: ఐదేళ్ళు నిండేదాకా గింజలుగా పెట్టవద్దు. పొడి చేసి పాయసంలోనో, జావలోనో కలపండి.
- ద్రాక్ష: నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. అడ్డంగా రెండుగా కోస్తే గుండ్రటి ఆకారం అలాగే ఉంటుంది, ప్రమాదమూ అలాగే ఉంటుంది.
- సపోటా, సీతాఫలం, రేగుపళ్ళు, పుచ్చకాయ: గింజలన్నీ తీసి గుజ్జు మాత్రమే పెట్టాలి. పిల్లలు ఆడుకునే చింతగింజలు కూడా చిన్నవాళ్ళకు అందకూడదు.
- శనగ గుగ్గిళ్ళు, బఠాణీలు: ఉడికించినవైనా సరే వేళ్ళతో నలిపి పెట్టండి. వేయించిన శనగలు, పాప్‌కార్న్ చిన్నవాళ్ళకు వద్దు.
- పచ్చి క్యారెట్, ఆపిల్: తురిమి గానీ, మెత్తగా ఉడికించి గానీ పెట్టాలి.
- మాంసం: ఎముకలు చేత్తో వెతికి తీసేసి, సన్నగా పీచులుగా విడదీయాలి. మెత్తగా ఉడికిన ఖీమా మేలు. చేపలో ముళ్ళు తీశాక కూడా మరోసారి వేళ్ళతో తడిమి చూడండి.
- బిర్యానీ: పిల్లల ముద్దలో లవంగం, యాలకులు, దాల్చినచెక్క లేకుండా ఏరండి.
- గట్టి చాక్లెట్లు, లాలీపాప్, చూయింగ్ గమ్, కప్పులో వచ్చే జెల్లీ: చిన్నపిల్లలకు వద్దు. జెల్లీ మెత్తగానే ఉంటుంది కదా అనుకుంటాం. కానీ పీల్చినప్పుడు ఒక్కసారిగా గొంతులోకి జారి అతుక్కుపోతుంది.

రంజాన్‌లో, పండుగ రోజుల్లో

మగ్రిబ్ అజాన్‌కు ముందు పది నిమిషాలు ఏ ఇంట్లోనైనా హడావుడే. అమ్మ పొయ్యి దగ్గర పకోడీలు తీస్తుంటుంది, నాన్న మసీదుకు బయలుదేరుతుంటారు, దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరాలు, ఫ్రూట్ చాట్, శనగలు అప్పటికే సర్ది ఉంటాయి. అవన్నీ నేల మీదే, పాకే బిడ్డ చేతికి అందే ఎత్తులోనే ఉంటాయి. ఉపవాసంలో ఉన్న పెద్దలకు ఆ వేళ నీరసం కూడా. బిడ్డను ఎవరు చూస్తున్నారని అడిగితే, "అందరం ఇక్కడే ఉన్నాం కదా" అంటాం. అందరూ ఉన్నచోట ఒక్కరూ చూడకపోవడం చాలా మామూలు.

దీనికి మందు ఒక్కటే. ఆ పది నిమిషాలకు, అజాన్ అయ్యాక తినే సమయానికి, బిడ్డ బాధ్యత ఒక పెద్దమనిషికి పేరు పెట్టి అప్పజెప్పండి. "ఈరోజు మున్నీని నువ్వు చూడు" అని చెప్పండి. ఏడెనిమిదేళ్ళ అక్కకో అన్నకో అప్పగించవద్దు. వాళ్ళు ప్రేమతోనే తమ చేతిలో ఉన్న ఖర్జూరాన్ని చెల్లి నోట్లో పెడతారు.

ఖర్జూరం చిన్నపిల్లలకు ఇవ్వాలంటే గింజ తీసి, పాలలో నానబెట్టి, మెత్తగా నలిపి పెట్టండి. గింజ తీసేసినా దాని గుజ్జు జిగురుగా అంగిలికి అంటుకుంటుంది, అందుకే పెద్ద ముక్క ఇవ్వవద్దు. హలీం మెత్తగా ఉంటుందని పిల్లలకు తినిపిస్తాం. అందులో సన్నటి ఎముక ముక్కలు ఉండవచ్చు, పైన వేయించిన జీడిపప్పు ఉంటుంది. ఒక్కో చెంచా చూసి పెట్టండి. పండుగనాడు షీర్ ఖుర్మా వండేటప్పుడు పిల్లల కోసం ఒక గిన్నె ముందే పక్కకు తీసి, అందులో ఎండు ఖర్జూరం, బాదం, చిరోంజీ బదులు వాటి పొడి కలిపితే సరిపోతుంది. రుచి పోదు, భయం ఉండదు.

తర్వాత ఈదీ. చిన్నవాళ్ళ చేతిలో నాణేలు పెట్టకండి, నోటు ఇచ్చి అమ్మ చేతికి అందించండి. పండుగకో, అఖీఖాకో కట్టిన బెలూన్లు పగిలితే ఆ ముక్కలన్నీ వెంటనే ఏరేయండి. పలుచటి రబ్బరు గొంతులోపల అతుక్కుంటే దగ్గుతో రాదు, వేలుతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది.

తహ్నీక్, మందులు, సీసా పాలు

పుట్టిన బిడ్డకు తహ్నీక్ చేయడం మనకు ఎంతో ఇష్టమైన సున్నత్. నమిలి మెత్తగా చేసిన ఖర్జూరాన్ని అంగిలికి కాస్త రాయడమే అందులో ఉన్నది, బిడ్డ మింగేలా ముద్ద పెట్టడం కాదు. చేతులు శుభ్రంగా కడుక్కుని, పీచు గానీ పలుకు గానీ లేకుండా, వేలికి అంటుకున్నంత మాత్రమే రాయండి. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ అయితే, లేదా ఊపిరి సరిగా తీసుకోలేక ఐసీయూలో ఉంటే, ముందు డాక్టర్‌ను అడగండి. ఖర్జూరం బదులు తేనె మాత్రం వద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బొటులిజం అనే తీవ్రమైన జబ్బు రావచ్చు.

బిడ్డ మందు తాగనని మొండికేస్తే ముక్కు మూసి నోట్లో పోయడం పాత అలవాటు. ముక్కు మూస్తే బిడ్డ నోటితో గాలి పీలుస్తుంది, మందు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిడ్డను కాస్త నిటారుగా పట్టుకుని, చెంప లోపలి వైపుకు కొంచెం కొంచెంగా వేయండి. గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు అసలు పోయకండి. స్నానం చేయించేటప్పుడు ముక్కులో నూనె చుక్కలు వేయడం, ఆముదం తాగించడం కూడా మానేయాలి. నూనె ఊపిరితిత్తుల్లోకి చేరితే ఒక రకం న్యుమోనియా వస్తుంది.

పాలసీసాను దిండుకు ఆనించి, బిడ్డ నోట్లో పెట్టి పని చూసుకోవడం ప్రమాదం. పాలు వద్దనిపించినా బిడ్డ సీసాను పక్కకు నెట్టలేదు. సీసా పట్టేది ఎవరైనా చేత్తో పట్టుకుని, బిడ్డ తల ఎత్తుగా ఉంచి పట్టాలి.

తిండి కాని వస్తువులు

మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. పది రూపాయల నాణెం అడ్డం దాదాపు 2.7 సెంటీమీటర్లు. అంత పరిమాణంలో గానీ, అంతకంటే చిన్నగా గానీ ఉన్న వస్తువు ఏదైనా వాళ్ళకు అందకూడదు. తెగిన తస్బీహ్ పూసలు, చొక్కా గుండీలు, పెన్ను మూతలు, చెవికమ్మల శీలలు, గోళీలు, గజ్జెల మువ్వలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. బొమ్మ కొనేటప్పుడు దానిమీద ఐఎస్‌ఐ గుర్తు, ఏ వయసుకో రాసిన మాట చూడండి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఈ గుర్తు తప్పనిసరి. అన్నయ్య బొమ్మల్లోని చిన్న ముక్కలు తమ్ముడికి అందని చోట పెట్టడం మాత్రం మన పనే.

వేలికి తొడుక్కునే డిజిటల్ తస్బీహ్ ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉంది. అందులో, రిమోట్లలో, వెలిగే బొమ్మల్లో, థర్మామీటర్లో ఉండేది బటన్ బ్యాటరీ. అది అన్నవాహికలో ఇరుక్కుంటే ఊపిరి ఆడుతూనే ఉంటుంది, బిడ్డ బాగానే కనిపించవచ్చు. కానీ రెండు గంటల్లోనే లోపలి గోడ కాలిపోవడం మొదలవుతుంది. మింగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, "రేపు విరేచనంలో పోతుందిలే" అని ఆగకుండా, వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించండి.

ఇంకొకటి ఆడపిల్లల గురించి. హిజాబ్ కట్టుకునేటప్పుడు పిన్నును పెదాల మధ్య పట్టుకోవడం చాలామందికి అలవాటు. మాట్లాడినా, నవ్వినా, తుమ్మినా ఆ పిన్ను గాలితోపాటు లోపలికి పోతుంది. ముస్లింలు ఎక్కువగా ఉండే దేశాల్లో టీనేజీ అమ్మాయిల ఊపిరితిత్తుల్లోంచి ఇలాంటి పిన్నులను తీసిన కేసుల గురించి డాక్టర్లు వైద్య పత్రికల్లో చాలా రాశారు. ఒక చిన్న పిన్ కుషన్ అద్దం దగ్గర పెట్టి, నోట్లో పిన్ను పెట్టుకునే అలవాటు ఈరోజే మాన్పించండి. చెల్లెళ్ళు చూసి నేర్చుకునేది కూడా అదే.

తినే పద్ధతి

బిస్మిల్లాహ్ అనడం, కుడిచేత్తో తినడం, తన ముందున్నదే తినడం దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తన దగ్గర పెరుగుతున్న ఒక పిల్లవాడికి నేర్పిన మర్యాదలు. భోజనం దగ్గర ఒక పెద్ద మనిషి పక్కనే ఉండి, పిల్లవాడి చేతిని గమనిస్తూ నేర్పిన మర్యాదలు అవి. పిల్లల భద్రతకు కావాల్సింది కూడా అదే. నిటారుగా కూర్చోబెట్టి, ఒక ముద్ద మింగాకే ఇంకో ముద్ద పెట్టండి. వీధిలో తిప్పుతూ, ఆటోలోనో బైక్ మీదో, పడుకోబెట్టి, ఫోన్ చూపిస్తూ తినిపించకండి. నోట్లో ముద్ద ఉన్నప్పుడు నవ్వించడం, గిలిగింతలు పెట్టడం, తిట్టి ఏడిపించడం వద్దు.

ఆరు నెలల తర్వాత కొత్తగా తిండి మొదలుపెట్టినప్పుడు బిడ్డ ఓకరిస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, ముద్దను నాలుకతో బయటకు తోస్తుంది. ఇది గొంతు తనను తాను కాపాడుకునే పద్ధతి. శబ్దం వస్తున్నంతసేపు కంగారు పడకుండా చూస్తూ ఉండండి.

అడ్డుపడితే ఏం చేయాలి?

గట్టిగా దగ్గుతుంటే, ఏడుస్తుంటే దగ్గనివ్వండి. వీపు మీద కొట్టవద్దు, నీళ్ళు పోయవద్దు, పక్కనే ఉండండి. దగ్గు బలహీనపడినా, శబ్దం ఆగిపోయినా, పెదాలు నీలంగా మారినా వెంటనే మొదలుపెట్టాలి. ఇంకొకరు ఉంటే వాళ్ళు 108కి ఫోన్ చేయాలి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి చేతులతో పని చేయండి.

ఏడాది లోపు బిడ్డకు:

1. మీరు కూర్చుని, బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, ఆ చేతిని తొడకు ఆనించండి. తల ఛాతీ కంటే కిందకు ఉండాలి. దవడను వేళ్ళతో పట్టుకోండి, గొంతు నొక్కవద్దు.
2. రెండు భుజం ఎముకల మధ్య, మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో ఐదుసార్లు గట్టిగా చరచండి.
3. రాకపోతే వెల్లకిలా తిప్పి, చనుమొనల మధ్య గీతకు కాస్త కింద, ఛాతీ ఎముక మీద అదే అరచేతి భాగంతో ఐదుసార్లు నొక్కండి.
4. వస్తువు బయటపడేదాకా, లేదా బిడ్డ ఏడ్చేదాకా ఐదూ ఐదూ మార్చి మార్చి చేస్తూనే ఉండండి.

ఏడాది లోపు బిడ్డకు పొట్ట మీద నొక్కకూడదు. లోపల కాలేయం దెబ్బతింటుంది.

ఏడాది దాటిన పిల్లలకు:

1. పిల్లవాడి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, వాణ్ణి ముందుకు వంచి, భుజం ఎముకల మధ్య ఐదుసార్లు గట్టిగా చరచండి.
2. రాకపోతే వెనక నుంచి చేతులు చుట్టి, ఒక పిడికిలిని బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద పెట్టి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని, లోపలికీ పైకీ ఒక్క ఊపులో ఐదుసార్లు లాగండి. 1974లో అమెరికా డాక్టర్ హెన్రీ హైమ్‌లిక్ చెప్పిన పద్ధతి ఇది.
3. మళ్ళీ వీపు మీద ఐదు, మళ్ళీ పొట్ట మీద ఐదు.

వస్తువు బయటకు వచ్చినా పొట్ట మీద నొక్కిన పిల్లవాణ్ణి డాక్టర్‌కు చూపించాలి.

స్పృహ తప్పితే గట్టి నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ మొదలుపెట్టాలి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కి, నోట్లో చూసి, వస్తువు కనబడితే తీసి, రెండుసార్లు ఊపిరి ఊదాలి. 108 వచ్చేదాకా ఇలాగే ఆపకుండా చేయాలి. చదివి తెలుసుకోవడం ఒకటి, చేతులకు అలవాటు కావడం ఇంకొకటి. మస్జిద్ కమిటీలు, మహిళల ఇజ్తిమాలు ఒక పూట డాక్టర్‌నో నర్సునో పిలిచి బొమ్మ మీద ఇది నేర్పిస్తే ఊరంతటికీ ఉపయోగం.

ఇవి మాత్రం చేయవద్దు

కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకకండి. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపకండి. అరటిపండో, అన్నం ముద్దో మింగించి కిందకు తోయాలని చూడకండి. ఊపిరి ఆడని బిడ్డకు ముందు దమ్ చేయిద్దాం, నీళ్ళు ఊదిద్దాం అని నిమిషాలు పోగొట్టకండి. మీ పెదాల మీద దుఆ ఉండనివ్వండి, చేతులు మాత్రం ఆగకూడదు.

తగ్గిపోయిందని వదిలేయకండి

వేరుశనగ తింటూ పిల్లవాడు ఉక్కిరిబిక్కిరి అయ్యాడు, గట్టిగా దగ్గాడు, తర్వాత ఆడుకున్నాడు. పెద్దలు "పోయిందిలే" అనుకున్నారు. వారం తర్వాత దగ్గు, పిల్లికూతలు, జ్వరం. సిరప్‌లు మారుస్తున్నా తగ్గదు. ఇలా జరిగితే గింజ ఊపిరితిత్తి గొట్టంలో ఒక పక్కన కూర్చుని ఉండవచ్చు. అక్కడ అది నాని ఉబ్బుతుంది, చుట్టూ వాపు తెస్తుంది. వేరుశనగ గింజ ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి "ఎక్స్‌రే బాగానే ఉంది" అన్నంత మాత్రాన నిశ్చింత వద్దు. "ఫలానా రోజు తింటుండగా ఉక్కిరిబిక్కిరి అయ్యాడు" అనే ఒక్క మాట డాక్టర్‌కు తప్పక చెప్పండి. అవసరమైతే మత్తు ఇచ్చి, బ్రాంకోస్కోపీతో గింజను తీసేస్తారు. తిడతారని భయపడి చాలామంది తల్లులు ఆ మాటే దాచేస్తారు.

అలా భయపడే పరిస్థితి తెచ్చేది మనమే. ఏదైనా జరిగితే "తల్లి ఏం చేస్తోంది?" అని అడుగుతాం. లేదంటే "అలా రాసిపెట్టి ఉంది" అని ఊరుకుంటాం. తఖ్దీర్ మీద మన విశ్వాసం నిజమే. కానీ ఒంటెను ముందు కట్టేసి, ఆ తర్వాత అల్లాహ్ మీద భరోసా పెట్టుకోమన్నది కూడా మన ధర్మమే. ఆ కట్టే పని ఇంట్లో నాన్నకు, దాదాకు, దాదీకి, ఖాలాకు అందరికీ ఉంది.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక పది నిమిషాలు తీసుకోండి. మోకాళ్ళ మీద పాకుతూ, బిడ్డ కళ్ళ ఎత్తు నుంచి గదులన్నీ చూడండి. మంచం కింద, దీవాన్ అంచుల్లో, టీవీ వెనక దొరికిన పూసలు, నాణేలు, పిన్నులు, బ్యాటరీలు ఒక డబ్బాలో వేసి పైన అల్మారాలో పెట్టండి. రేపు దస్తర్‌ఖాన్ పరిచేటప్పుడు బిడ్డ పక్కన ఎవరు కూర్చోవాలో ముందే చెప్పుకోండి.